గిరగిర తిరిగే చుక్కలు

ఆ హాల్లో ఆమెను నత్త అనేవాళ్లు. చాటుగా కాదు, ముఖం మీదే.

"నత్త వచ్చిందా?"

"వచ్చింది. కొమ్ములే ఇంకా బయటికి రాలేదు."

అందరితో పాటు ఆమె కూడా నవ్వేది. అలా నవ్వకపోతే పొగరు అంటారని నవ్వేది. తలుచుకుంటే ఒళ్లు మండేది ఆ నవ్వుకే.

డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలను విని, రిపోర్టులుగా టైపు చేసే ఆఫీసు అది. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. గొణిగే డాక్టర్లు, కారు నడుపుతూ చెప్పే డాక్టర్లు ఆమె వాటాకే వచ్చేవారు. ఒకాయనైతే ఏదో నములుతూ చెప్తాడు. ఆ చప్పరింపంతా చెవిలో పోసుకుని ఆమె తప్పు లేకుండా టైపు చేసేది. చేతులు కీబోర్డు మీద వాన పడ్డట్టు కదిలేవి. అలాంటి మనిషికి పెట్టిన పేరు నత్త.

ఎందుకంటే గోడ మీద పెద్ద టీవీ ఉంది. అందులో అందరి పేర్లూ ఉంటాయి. పని మొదలుపెట్టిన వాళ్ల పేరు పచ్చగా మారుతుంది, ఆలస్యమైతే ఎర్రబడుతుంది. కుర్చీలో కూర్చోవడం హాజరు కాదు. లాప్‌టాప్ తెరుచుకుని, ఆఫీసు ప్రోగ్రాం నిద్ర లేచి, అవును ఈమె వచ్చింది అని ఒప్పుకుంటేనే హాజరు. ఆమె డ్యూటీ టైముకు ముందే కూర్చున్న రోజున కూడా నల్లటి తెర మీద తెల్ల చుక్కలు గిరగిర తిరుగుతూనే ఉండేవి. పక్కవాళ్లు ఒక రిపోర్టు ముగించి రెండోది అందుకునేవారు. గోడ మీద ఆమె పేరు ఎర్రగా వెలిగేది.

ఇంతకీ ఆ లాప్‌టాప్ ఎవరిది? ఆమెదే. సొంత లాప్‌టాప్ ఉంటేనే ఉద్యోగం అన్నారు. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త ఎక్కడో వాడేసిన దాన్ని వెతికి కొనిచ్చాడు. ఆఫీసు దాంట్లో తన ప్రోగ్రాములన్నీ పెట్టుకుంది. కొన్నది వీళ్లు, కాపురం పెట్టింది వాళ్లు.

చాలాకాలం ఓర్చుకున్నాక ఆఫీసు టెక్నీషియన్‌ని అడిగింది. ఆయన లాప్‌టాప్‌ని తాకడానికి కూడా ఇష్టపడలేదు. పెన్ను మొనతో ఒక మీట నొక్కి, పెదవి విరిచాడు.

"మీ ఇంటి చెత్తంతా దీంట్లోనే పెట్టారు కదమ్మా. అదెలా లేస్తుంది? ఖాళీ చేసుకోండి."

ఇంటి చెత్త అంటే కూతురి ఫోటోలు. పాత ఫోన్ నిండిపోయినప్పుడు వాటిని లాప్‌టాప్‌లోకి మార్చారు, తర్వాత ఆ ఫోన్ కూడా పాడైంది. బోర్లా పడ్డ రోజు, మొదటి పన్ను ఊడిన రోజు, తల్లి చెప్పులేసుకుని గదంతా తిరిగిన రోజు. ఇంకెక్కడా లేవు. ఆయన చెప్పాడు కదా అని ఆమె వాటిని ఒక్కొక్కటీ చూసుకుంటూ చెరిపేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేసింది. "పోనీలే. మనిషి ఎదురుగానే ఉందిగా" అన్నాడు భర్త.

మర్నాడు చుక్కలు ఎప్పటిలాగే తిరిగాయి.

అప్పుడు ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. సాయంత్రం ఆఫ్ చేయకుండా మూత మాత్రం వేసి సంచిలో పెట్టుకునేది. బస్సులో ఒళ్లో సంచి జ్వరం వచ్చిన పిల్లలా కాలిపోయేది. లోపల ఫ్యాను గురగురమనేది. పక్కసీటు వాళ్లు అనుమానంగా జరిగి కూర్చునేవారు. ఆ ఉపాయం కూడా ఎన్నాళ్లో సాగలేదు. ప్రతి ఉదయం ఆఫ్ చేసి ఆన్ చేస్తేనే హాజరు అని ఆఫీసు కొత్త రూలు తెచ్చింది.

చివరికి మేనేజరు నుంచి కబురొచ్చింది. సోమవారం తన గదికి రమ్మన్నాడు. ఇన్ని ఎర్రమార్కులున్న మనిషిని ఎందుకు ఉంచాలో ఆమే చెప్పాలట.

ఆదివారం ఆమె లాప్‌టాప్ పట్టుకుని అన్న ఇంటికి వెళ్లింది. వదిన కంప్యూటర్లు బాగుచేసే షాపులో పని చేస్తుంది.

"ఏంటమ్మా ఆడపడుచు గారూ, సంచితో దిగారు? మా ఆయన మీద ఫిర్యాదా?"

"నీ మొగుడి సంగతి తర్వాత వదినా. ముందు దీని సంగతి చూడు. రేపు నా ఉద్యోగం పోయేలా ఉంది."

వదిన నవ్వు ఆపేసింది. ముందు అడుగు మూత విప్పింది. ఫ్యాను సందులోంచి నల్లటి దుమ్ముముద్ద చచ్చిన ఎలుకపిల్లలా ఊడి పడింది. ఇద్దరూ ముక్కు మూసుకున్నారు.

"ఇదేనా వదినా జబ్బు?"

"ఇది ఒళ్లు వేడి మాత్రమే. జబ్బు వేరే ఉంది."

బిగించి ఆన్ చేసింది. వదిన వెళ్లి టీ పెట్టి, వడకట్టి, గ్లాసులతో తిరిగొచ్చింది. చుక్కలు ఇంకా తిరుగుతున్నాయి. అప్పుడు ఇంకో పని చేసింది. బయటివాళ్లు పెట్టిన ప్రోగ్రాములేవీ లేవకుండా లాప్‌టాప్‌ని ఒట్టిగా లేపి చూసింది. టీ చల్లారకముందే తెర వచ్చేసింది.

"ముసలిదే గానీ మంచం పట్టలేదే ఇది. దీని వీపు మీద ఎవరో కూర్చున్నారు" అంది వదిన.

మళ్లీ మామూలుగా తెరిచి, ఆన్ చేయగానే వాటంతటవే లేచే ప్రోగ్రాముల పట్టీ తీసింది. ఆఫీసు వాళ్ల హాజరు ప్రోగ్రాం ఉంది. ఎంత టైపు చేస్తోందో లెక్కపెట్టేది ఒకటుంది. వాటి కింద, పేరు కూడా సరిగా లేని పాతదొకటి ఉంది. డిస్కునంతా తినేస్తున్నది అదే. ఆమె పనిచేస్తున్నంతసేపూ తెరను ఫోటోలు తీసి దాచుకుంటుంది. పొద్దున్నే ఆ గుట్టనంతా ఎక్కడికో పంపబోతుంది. అవతల తీసుకునేవాళ్లు లేరు. అయినా జవాబు కోసం అలాగే కూర్చుంటుంది, దాని వెనక మిగతావన్నీ కూర్చుంటాయి.

"తీసెయ్ వదినా దాన్ని."

"తీయనివ్వట్లేదు. ఆఫీసు పాస్‌వర్డ్ అడుగుతోంది."

"ఇది నా లాప్‌టాప్."

"ఆ ముక్క దానికి చెప్పు."

ఆమె మెల్లగా అడిగింది. "మరి ఫోటోలుంటే లేవదని అన్నారే?"

"ఫోటోలు ఓ మూల పడుకునుంటాయి. అవేమైనా పొద్దున్నే లేచి డ్యూటీకి వెళ్తాయా? వాటితో దీనికేం పని?" అంటూ తలెత్తిన వదిన ఆమె ముఖం చూసింది. "చెరిపేశావా?"

"చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశాను."

వదిన డిస్కు ఊడదీసి తన కంప్యూటర్‌కి తగిలించింది. చెరిపేసినవి ఒక్కోసారి దొరుకుతాయి, వాటి చోట ఇంకేదీ వచ్చి కూర్చోకపోతే. కానీ వచ్చి కూర్చున్నాయి. పిల్ల ఫోటోలు ఉండాల్సిన చోట వరసగా తెర ఫోటోలే: ఎవరిదో మూత్రపిండం రిపోర్టు, ఎవరిదో మోకాలు, మళ్లీ మోకాలు. ఆమె టైపు చేసిందా లేదా అని, ఎవరూ చూడని సాక్ష్యం. ఊడిన పన్నుతో నవ్వే పిల్లను చెరిపి, ఆ చోట దాచుకున్నది ఇది. ఇంతకంటే రోతైన పని ఇంకోటి ఉంటుందా?

సోమవారం మేనేజరు గదిలో టెక్నీషియన్ కూడా ఉన్నాడు. ఆమె లాప్‌టాప్ మేనేజరు బల్ల మీద పెట్టి, ఆన్ చేసి, చేతులు కట్టుకుని నిలబడింది.

చుక్కలు తిరిగాయి. మేనేజరు ఫోన్ చూసుకున్నాడు. టెక్నీషియన్ గోడ చూశాడు. చుక్కలు తిరిగాయి.

"ఏంటమ్మా, ఇంకా ఎంతసేపు?"

"వస్తుంది సార్."

"నాకు మీటింగ్ ఉంది."

"నాకు రోజూ డ్యూటీ ఉంటుంది సార్. రోజూ ఇంతసేపే."

ఆయన కుర్చీలో కదిలాడు. ఎట్టకేలకు తెర వచ్చింది. వదిన చూపించిన పట్టీని ఆమె తెరిచి, ఆ పాత ప్రోగ్రాం మీద వేలు పెట్టింది. "ఇది నా తెర ఫోటోలు ఎవరికి పంపుతోంది సార్?"

మేనేజరు టెక్నీషియన్ వైపు తిరిగాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ కంపెనీతో కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయింది సార్. తీసెయ్యమని నాకెవరూ చెప్పలేదు."

తీసేశాడు. ఆమె సొంత కీబోర్డు మీద, ఆమెకు కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని పాస్‌వర్డ్ కొట్టాడు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే, మేనేజరు మంచినీళ్లు తాగి గ్లాసు పెట్టేలోపు తెర వచ్చింది.

"చూశారా, ముందే చెప్తే అయిపోయేదిగా" అన్నాడు మేనేజరు.

"ముందే చెప్పాను సార్. ఇంటి చెత్త అన్నారు."

ఎర్రమార్కులు తీసెయ్యడం మాత్రం కుదరదట, రికార్డట. ఉద్యోగం ఉంచుతున్నాం, సంతోషించమన్నాడు. ఆమె సంతోషించలేదు. లాప్‌టాప్ తీసుకుని హాల్లోకి వచ్చి, పక్కకుర్చీ అమ్మాయితో అంది.

"నీదాంట్లో కూడా ఉందేమో చూడు."

ఉంది. అందరివాటిలోనూ ఉంది. అయితే వాళ్ల పేర్లు ఎందుకు ఎర్రబడలేదు? వాళ్లు ముందే వచ్చేసేవారు. ఊడ్చే ఆవిడ కంటే ముందొచ్చి, ఆన్ చేసుకుని, చుక్కల ముందు కూర్చునేవారు. కూతుర్ని బడిలో దింపి రావాల్సిన ఈమెకు ఆ వీలు లేదు, అంతే. లోపం తమ పాతసరుకులోనే ఉందనుకుని సిగ్గుపడి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒకామె చోటు చేద్దామని, చనిపోయిన తమ్ముడు పాడిన పాటల్ని చెరిపేసుకుంది. నత్త అని నవ్విన వాళ్లే వీళ్లంతా. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. వాళ్లు అందరూ కలిసి అడిగాక, మిగతా లాప్‌టాప్‌ల నుంచి కూడా ఆ పాత ప్రోగ్రాం పోయింది.

ఇది చదువుతున్న మీకు ఒక విన్నపం. మీ సొంత కంప్యూటర్‌తో ఆఫీసు పని చేస్తుంటే, రేపు ఉదయం, ఆన్ చేయగానే లేచే ప్రోగ్రాముల పట్టీ తెరిచి చూడండి. మీకు తెలియనిది ఏదైనా ఉంటే, అదేంటి, ఎవరికి ఏం పంపుతోంది అని రాతపూర్వకంగా అడగండి. ఆన్ మీట నొక్కినప్పటి నుంచి పనిగంటలు లెక్కించమని అడగండి. ఒక్కరే అడిగితే నత్త అంటారు, కాబట్టి పక్కకుర్చీని కూడా లేపండి. మీరే మేనేజరైతే, ఒక్క ఉదయం మీ కింద పనిచేసే మనిషి కుర్చీలో కూర్చుని, ఆ చుక్కలు ఆగేదాకా చూడండి.

అప్పటిదాకా ఎవరేమన్నా మీ పిల్లల ఫోటోలు చెరపకండి.