లోపల ఇంకెవరున్నారండీ?

డెబ్బైల్లో బెజవాడలో మా లెక్చరర్ గారి పరిశోధన కోసం ఆవిడతో ఇల్లిల్లూ తిరిగాను. నడవలేనివాళ్లకీ, చూపు లేనివాళ్లకీ ఇంట్లో చాకిరీ ఎవరు చేస్తున్నారన్నది ఆవిడ తేల్చాలనుకున్న విషయం. వాకిట్లో మగాయన చెప్పిందంతా నేను రాసేసి లేవబోతుంటే, ఆవిడ తాపీగా అడిగేవారు: "లోపల ఇంకెవరున్నారండీ?"

గుణదలలో ఒకాయన "మొత్తం నలుగురమేనండీ" అన్నాడు. ఆవిడ మామూలుగానే ఆ మాట అడిగారు. ఆయన తల దించుకున్నాడు. గదిలోంచి ఆడగొంతు పలికింది.

"నేనున్నానమ్మా. కాళ్లు పడిపోయాయి. ఓటర్ల లిస్టు రాసేవాళ్లొచ్చినప్పుడూ ఇక్కడే ఉన్నాను."

ఆవిడ నా కాగితం చించేశారు. లోపలికెళ్లి మంచం పక్కన కింద కూర్చుని, కొత్త ఫారంలో ముందు ఆమె పేరే రాశారు.

సాయంత్రం నాలుగయ్యేసరికి మాత్రం ఆవిడ కాలు నిలిచేది కాదు. మాట మధ్యలోనే లేచి రిక్షా ఎక్కేసేవారు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

ఒకరోజు ఆవిడ మర్చిపోయిన ఫారాలు ఇవ్వడానికి వన్ టౌన్‌లో వాళ్లింటికి వెళ్లాను. ముందుగదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. మూసిన తలుపు వెనక ఎవరో కంచాన్ని నేలకేసి కొట్టారు. మళ్లీ కొట్టారు. ఆవిడ లేవలేదు. నేను అడుగుతానేమోనని నా మొహంలోకే చూస్తూ కూర్చున్నారు.

ఆ మాట నా నోటిదాకా వచ్చింది. కాఫీ గబగబా తాగేసి, "వస్తానండీ" అని లేచొచ్చేశాను.