అద్దాల పెట్టెలో అరిగిన మడమ

మా నాన్న పన్నెండో రోజున చెప్పులు దానం ఇవ్వాలంటే, మా షాపులో మూడేళ్ళుగా ఎవరూ కొనని ఆరో నంబరు రబ్బరు జత ఇచ్చేసిన ఘనుణ్ణి నేను. నాన్న కాలు తొమ్మిది. పోయినవాళ్ళకు ఆ దారిలో కాళ్ళు కాలకూడదని ఇచ్చే దానం అది. దయ్యాలనూ పరలోకాలనూ నేనెన్నడూ నమ్మలేదు. లేని దారికి సైజెందుకు అనుకున్నాను. మొండి సరుకు వదిలిందని సంతోషించాను కూడా.

అమ్మ చూసింది. ఆ రోజు నుంచే చెప్పులు వేసుకోవడం మానేసింది.

“ఆయన కాళ్ళు కాలుతుంటే నాకెందుకురా చెప్పులు?” అనేది.

అమ్మకు షుగరు. రెండో వేసవికి కుడి కాలి చిటికెన వేలి కింద పుండు పడింది. ఇలాగే ఉత్త కాళ్ళతో తిరిగితే పాదమే తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశారు. నందిగామలో చెప్పుల షాపు నడిపేవాడి తల్లికి ఆ గతి! మెత్తటి జతలు పది తెచ్చి ముందు పెట్టాను. ఒక్కటీ ముట్టలేదు.

జగ్గయ్యపేటలో ఒక రిటైర్డు టీచరమ్మ తన ఇంటి ముందుగదుల్లో తోలు మ్యూజియం పెట్టారని అప్పుడే విన్నాను. ఆవిడ తండ్రి పేరున్న చెప్పుల పనివారు. నాన్న పోయే ముందు ఆ పెద్దాయనకు కిర్రు చెప్పుల కోసం కొలత ఇచ్చారు, తెచ్చుకోకుండానే పోయారు. కొద్ది నెలలకు ఆ పెద్దాయనా పోయారు. ఆ జత ఇప్పుడు మ్యూజియంలో ఉందట. అది కొని సరైన దానం చేయిస్తే అమ్మ పట్టు వదులుతుందని నా ఎత్తు.

ఒక మధ్యాహ్నం అమ్మను తీసుకుని వెళ్ళాను. మోటబావుల తోలు తొండాలు, కొలిమి తిత్తులు, నూనె పోసే సిద్దెలు, డప్పులు. గదుల నిండా తోలు పదును చేసే తంగేడు చెక్క వాసన. చివరి గదిలో, అద్దాల పెట్టెలో నాన్న జత. పక్కనే ఆయన పాదం చుట్టూ పెన్సిలుతో గీసిన కాగితం.

“అద్దంలో పెట్టిన సరుకు పాతబడిపోతుందండీ. ఏదో ఒక రేటు చెప్పండి,” అన్నాను.

టీచరమ్మ నవ్వారు. “మ్యూజియంలో పాతబడితేనేనండీ విలువ. మీ నాన్నగారు మా నాన్న చెప్పిన రేటుకి మారుమాట్లాడలేదు. మీరు టిక్కెట్టు దగ్గర కూడా బేరమాడారు!”

“వీడంతేనమ్మా. ఒక్కసారి వాటిని ముట్టుకోనివ్వు తల్లీ,” అంది అమ్మ.

పెట్టె బిగించాక మరమేకుల మీద కూడా రంగు వేశారు. ఆ రంగు గీకితే గానీ మరమేకులు తిరగలేదు. టీచరమ్మ జత తీసి తిరగేసి చూసి, చటుక్కున బల్ల మీద పెట్టేశారు. నేను పట్టుకుని చూశాను. ఫ్యాను గాలి కింద నీడన ఉన్న తోలు, అప్పుడే విడిచిన చెప్పుల్లా వెచ్చగా ఉంది.

అడుగులు అరిగిపోయి ఉన్నాయి. ఎడమ మడమ బయటి అంచు ఏటవాలుగా తినేసినట్టుంది. నాన్న ఆ కాలు కొంచెం ఈడ్చి నడిచేవారు, ఆయన ప్రతి జతా అక్కడే అరిగేది. పైన ఐదు వేళ్ళ నల్లటి ముద్రలు. కుట్లలో తెల్లటి మెత్తటి దుమ్ము. అది మా నల్లరేగడి కాదు.

టీచరమ్మ ఫోన్లో పాత ఫొటో వెతికి చూపించారు. పెట్టెలో పెట్టిన రోజుది. అడుగులు కొత్తవి, దారం తెల్లగా ఉంది.

చెప్పులు చూసి మనిషి నడక చెప్పగలిగినవాణ్ణి. నెలల తరబడి రోజూ నడిస్తే గానీ అంత అరగదు. ఎవరైనా వేసుకున్నారనుకుందామంటే మేకుల మీది రంగు చెక్కుచెదరలేదు. తోలు ఎండితే ముడుచుకుంటుంది గానీ మడమ ఒక పక్కే అరగదు.

అమ్మ వాటిని కళ్ళకద్దుకుంది. “అందాయిలే,” అంది.

టీచరమ్మ జతను ఊరికే ఇచ్చేస్తామన్నారు. అమ్మ ఒప్పుకోలేదు.

“లోపలే ఉండనివ్వమ్మా. ఆయన ఇంకా నడవాలేమో.”

గుమ్మం దాటుతూ నేను సంచిలో వెంట తెచ్చిన మెత్తటి జత అడిగి వేసుకుంది.

దయ్యాలున్నాయని ఇప్పటికీ అనలేను. ఆ మడమ మాత్రం నా లెక్కకు అందదు. మిగతాది లెక్క చెప్పగలను. టిక్కెట్లు ఇద్దరికీ నలభై, పైసా తగ్గించలేదు. జతకు టీచరమ్మ చెప్పిన రేటు సున్నా. పుండు అప్పటికే ఎముక దాకా వెళ్ళింది. డాక్టరు పాదం దక్కించారు, చిటికెన వేలు తీసేశారు. ఆ వేలు నేను చేసిన ఖర్చు.