మూడో అధ్యాయం

పేపర్లలో, టీవీల్లో మతం గురించి ఎవరేం చెబుతున్నారో గమనించడమే ఇరవై రెండేళ్ళుగా కనిషాయ్ పని. ఓష్ నగరంలో ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుంది. ఇల్లంతా పాత పేపర్ల కట్టలే. "ఈ చెత్తకి పెళ్ళి చేసి ఎప్పుడు సాగనంపుతావే?" అని తల్లి వేళాకోళమాడేది. కనిషాయ్ నవ్వి ఊరుకునేది. ప్రతి వార్తలోనూ ఆమె వెతికేది ఒక్కటే: ఎవరిని మాట్లాడనిచ్చారు, ఎవరి నోరు నొక్కారు?

అలా వెతుక్కుంటూనే సాబిరా ఇంటికి వెళ్ళింది. సాబిరా భర్త ఇస్లాం వదిలి క్రైస్తవంలో కలిశాడు. అతను చనిపోయాక ఊరి ఖబరస్తాన్‌లో పూడిస్తే, మర్నాడే తవ్వి బయటపెట్టారు. పేపర్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే ముక్క రాశాయి: గ్రామస్థులు అభ్యంతరం చెప్పారు.

"నేను గ్రామస్థురాల్ని కానా అక్కా? పుట్టిందీ ఆ ఊళ్ళోనే. నన్నొక్కడూ అడగలేదు," అంది సాబిరా.

డాక్టరేట్ కోసం కనిషాయ్ రాసిన సిద్ధాంత గ్రంథంలో మూడో అధ్యాయం నిండా ఆమె మాటలే.

పట్టా ఇచ్చే కమిటీకి పెద్ద మంబెతాలీ. ఎవరినీ నొప్పించని వ్యాసాలు ముప్పై ఏళ్ళు రాసి పెద్దమనిషైనవాడు. పట్టా ఇవ్వాలో వద్దో తేల్చే ఓటుకి వారం ముందు కనిషాయ్‌ని పిలిపించాడు.

"మూడోది తీసెయ్యమ్మా. మిగతాదంతా బంగారం. రేపు పేపర్లవాళ్ళు మీద పడితే ఆ మాటలు ఎవడు పడతాడు?"

"పేపర్ల మీద రాసిన పుస్తకాన్ని పేపర్లకి జడిసి కోసుకోమంటారా మాస్టారూ?"

"నీ మొండితనం నీ కొంప ముంచుతుంది."

"మునిగితే ఈదుకుంటాలెండి."

ముంచింది. రహస్య ఓటులో రెండు ఓట్లు తక్కువయ్యాయి. ఇరవై రెండేళ్ళ చాకిరీకి పట్టా లేదు. కనిషాయ్‌కి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసింది. ఎందుకంటే పక్క గదిలో విందు సిద్ధంగా ఉంది. పరీక్షకి నిలబడ్డవాళ్ళే కమిటీకి భోజనం పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. మెల్లగా జారుకోబోతున్న సభ్యులకి ఆమె అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికండీ? ఓట్లు మీవి, గొర్రె నాది. తినే కదలాలి."

చేసేది లేక లోపలికి నడిచారు. గుమ్మానికి ఎదురుగా, బల్ల చివరనున్న కుర్చీ అందరికంటే గొప్పవాళ్ళది. ఇలాంటి విందుల్లో అది ఎప్పుడూ మంబెతాలీదే. ఆయన అలవాటుగా అటు వెళ్ళి ఆగిపోయాడు. అందులో సాబిరా కూర్చుని ఉంది. ఆయన్ని చూసి కంగారుగా లేవబోయింది. కనిషాయ్ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. పెద్ద అతిథికి పెట్టాల్సిన ఉడికిన గొర్రె తల తెచ్చి ఆమె ముందే పెట్టింది.

మంబెతాలీ మొహం కందగడ్డయింది.

"ఆ ఒక్క అధ్యాయం తీసేసుంటే ఈపాటికి డాక్టరువయ్యేదానివి కదమ్మా!"

"తీసేసుంటే ఈవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టేదాన్ని మాస్టారూ?"

కనిషాయ్ కత్తి తీసి సాబిరా చేతిలో పెట్టింది.

"కొయ్యి చెల్లీ. నువ్వు తిన్నాకే ఎవరైనా."