గేదెలకు ఎద సూది నేర్చుకోవడానికి తుర్కయంజాల్ వెళ్లిన రోజు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఫ్లాటు కిటికీ తెరిస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు తప్ప పచ్చటిదేదీ కనిపించదు. అలాంటి చోట ఉంటూ గేదెలు పెంచుతున్నామంటే బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. నేను తెనాలి వైపు నుంచి పెళ్లయి ఇక్కడికి వచ్చినదాన్ని. ఎదురు ఫ్లాటులో ఉండే అందాలుది పోచంపల్లి నేత కుటుంబం, వాళ్లకు ఇక్కడే చీరల దుకాణం ఉంది. ఇద్దరం కలిసి సాగర్ రోడ్డు పక్కన ఒక కొట్టం కిరాయికి తీసుకుని, పనిమనిషిని పెట్టుకుని, గేదెలు మేపుతున్నాం. కిందటి ఎండాకాలం వాటిలో ఒకటి ఎదకు వచ్చిన సంగతి మాకు తెలియనే లేదు. ఎండలకు గేదెలు అరవవు, గుట్టుగా ఉండిపోతాయి. తెలిసిన ఒక్కసారి కూడా సూది వేసే మనిషి నాలుగు ఊళ్లు తిరిగి వచ్చేసరికి వేళ మించిపోయింది. ఈని ఏడాది దాటినా చూలు కట్టకపోతే చివరికి అమ్మేశాం. దాన్ని బండి ఎక్కిస్తుంటే చూడలేక అందాలు కొట్టం వెనక్కి వెళ్లి నిలబడింది. ఆ రాత్రే అంది, “అక్కా, గా సూదేదో మనమే నేర్సుకుందాం.”

అలా ఎల్‌బీ నగర్ దగ్గర ఒక శిక్షణ కేంద్రంలో పశువుల కృత్రిమ గర్భధారణ తరగతుల్లో చేరాం. పాఠాలు చెప్పేది ఒక పశువైద్యురాలు, మాధవి మేడమ్. గేదె కటి భాగం బొమ్మలో పేడ దారి గుండా చెయ్యి పెట్టి గర్భసంచి ఎక్కడుంటుందో, దాని ముఖద్వారం ఎలా పట్టుకోవాలో, సన్నటి గొట్టాన్ని అందులోంచి ఎలా పోనివ్వాలో నేర్పించారు. బొమ్మ మీద మాకు పట్టు వచ్చాక, బతికున్న గేదె మీద మొదటి సూది తుర్కయంజాల్‌లో వేద్దామన్నారు. నేను ఈ ప్రయాణం గురించి రాస్తున్నది ఆ రోజు కోసమే.

గేదెల పని చల్లటి పూటే బాగుంటుందని పొద్దున్నే బయలుదేరాం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎల్‌బీ నగర్ మూడో స్టేషను, టికెట్ ఇరవై రూపాయల లోపే. అక్కడ దిగి సాగర్ రోడ్డు వైపు నడిస్తే ఇబ్రహీంపట్నం వెళ్లే బస్సులు వరసగా వస్తుంటాయి. ఆధార్ కార్డు ఉంటే ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి పొద్దున కూడా నిండుగానే ఉంటాయి. పెద్ద సంచితో ఎక్కేవాళ్లు ఒకటి రెండు బస్సులు వదిలేసి ఖాళీగా ఉన్నది చూసుకోవడం మంచిది. ట్రాఫిక్ లేకపోతే అరగంటలో తుర్కయంజాల్ వచ్చేస్తుంది. అక్కడి నుంచి లోపలి కాలనీలకు షేర్ ఆటో, మనిషికి ఇరవై తీసుకున్నాడు.

ఆటో అతను మా సంచిలోంచి బయటికి పొడుచుకు వచ్చిన రబ్బరు బూట్లు చూశాడు. “బూట్లు వట్టుకొని ఏడికక్కా?” అన్నాడు.

“బర్రెలకు సూదులేసుడు నేర్సుకోనీకి పోతున్నం అన్నా,” అంది అందాలు.

అద్దంలోంచి మమ్మల్ని ఇంకోసారి చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. “మంచిగ నేర్సుకోన్రి. మా ఇంట్ల గూడ నాలుగు బర్లుండె. చుట్టూత ప్లాట్లయినంక మేపే జాగ లేక అమ్మేసినం. మా అమ్మ ఇప్పటికీ తెల్లారంగనే లేసి కొట్టం దిక్కు పోతది. ఆడ ఇప్పుడు నా ఆటో పెడ్తున్న,” అన్నాడు. 

మేం వెళ్లవలసిన కొట్టం రెండు కొత్త అపార్టుమెంట్ల మధ్య మిగిలిపోయిన జాగాలో ఉంది. రేకుల కప్పు, ముందు గడ్డి వామి, లోపల ఐదు గేదెలు. మాధవి మేడమ్ అప్పటికే వచ్చి స్కూటీ మీద నుంచి ద్రవ నత్రజని డబ్బా దించుతున్నారు. వీర్యాన్ని సన్నటి స్ట్రాలలో నింపి, ఆ గడ్డకట్టే చలిలోనే దాచి తెస్తారు. కొట్టం యజమానురాలు యాదమ్మకు యాభై ఏళ్లుంటాయి. మమ్మల్ని చూడగానే అడిగిన మొదటి మాట, “తిన్నరా బిడ్డా?” మేం మొహమాటపడుతుంటే జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు చేతిలో పెట్టింది. పని మొదలయ్యాక తినలేరని మేడమ్ కూడా అనడంతో అక్కడే నిలబడి తినేశాం.

తింటుండగానే యాదమ్మ తన గోడు చెప్పుకుంది. మూలన కట్టేసిన గేదె కోసమే మేడమ్‌ను పిలిపించిందట. పుట్టిన వారానికే తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచిన గేదె అది.

“మొదటి ఈత మంచిగనే ఈనింది. గీపారి రెండుసార్లు సూది ఏపిస్తే నిలువలే. మూడోసారి ఏపిచ్చి మూన్నెల్లయితాంది. నిన్న సందెలకెల్లి మళ్ల ఒర్లుతున్నది, ఎనక జిగట తీగ గూడ ఏసింది. ఇగ నిలువదు, అమ్మేద్దామంటుండు మా ఆయన. పగటీలికి బేరగాడు ఒస్తనన్నడు.” గేదె మెడ నిమురుతూ ఆగింది. “మనిషికైతే ఎన్ని దవాఖానలు తిప్పుతరు? దీనికి మూడుపార్లకే అయిపాయె. ఒక్కపారి సూడుండ్రి డాక్టరమ్మా.”

నిన్న సాయంత్రం ఎద కనిపిస్తే ఈ పొద్దున సూది వేయాలి, లెక్క సరిపోయింది. మేడమ్ నావైపు తిరిగి, “సుజాతా, ఇది మీరు చేయండి. ముందు లోపల అంతా చూసుకోండి. మీరు సరే అన్నాకే నేను స్ట్రా తీసి గోరువెచ్చటి నీళ్లలో వేస్తాను,” అన్నారు.

భుజం దాకా తొడుగు వేసుకుని, సబ్బు నీళ్లు రాసుకుని, అందాలు తోక పక్కకు పట్టుకోగా చెయ్యి లోపలికి పెట్టాను. బొమ్మకు వేడి ఉండదు. బొమ్మ ఊపిరి తీయదు. ఇది నా చేతిని నొక్కి వదులుతూ ఉంటే మోచేయి దాటేసరికి వేళ్లు తిమ్మిరెక్కాయి. పేడ తీసి మళ్లీ పెట్టాను. కాసేపటికి గట్టిగా గొట్టంలాంటిది అరచేతిలోకి వచ్చింది. ముఖద్వారం! సంతోషంతో అరవబోయాను.

“దొరికిందా?” అన్నారు మేడమ్.

“దొరికిందండీ.”

“అయితే స్ట్రా తీయనా?”

అవునంటే అయిపోయేది. నేను నేర్చుకోవడానికి వచ్చింది ఆ పనే. పైగా యాదమ్మ రెండు చేతులూ కట్టుకుని నా మొహమే చూస్తోంది. కానీ ముఖద్వారం దాటి వేళ్లు ముందుకు చాపినప్పుడు నాకు తెలిసినట్టుగా లేదు. గర్భసంచికి రెండు వైపులా రెండు కొమ్ములుంటాయి, రెండూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఇక్కడ ఒకటి చేతికి అందింది. రెండోది నీళ్లు నింపిన సంచిలా బరువుగా కిందికి జారిపోతోంది, ఎంత చాచినా దాని చివర దొరకడం లేదు. నేనే తప్పు పట్టుకున్నానేమో అనిపించింది. ఇన్నాళ్లు నేర్చుకుని ఈ మాత్రం తెలియదా అంటారేమోనని సిగ్గు కూడా వేసింది.

“మేడమ్, ఒక్క నిమిషం ఆగండి. ఒక పక్క కొమ్ము అందడం లేదండీ. బరువుగా ఉంది, జారిపోతోంది. నాకు అర్థం కావడం లేదు, మీరోసారి చూడండి,” అన్నాను.

మేడమ్ డబ్బా మూత పెట్టేసి వచ్చారు. ఆవిడ చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత చెయ్యి తీసి, “యాదమ్మా, సూది వద్దు,” అన్నారు.

యాదమ్మ గేదె మెడ మీద చెయ్యి వేసి, “ఇగ ఎన్నడు నిలువదా అమ్మా?” అంది చిన్నగా.

“అయ్యో, అది కాదు! నిలిచింది. మూడోసారి వేయించిన సూదే నిలిచింది. ఇప్పుడు మూడో నెల.”

 అందాలు పట్టుకున్న తోక వదిలేసింది. ఆ తోక వచ్చి నా చెంప మీద కొట్టింది, అప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే గేదె మూపు మీద ఒక్కటి చరిచింది. “మరి ఎందుకొర్లినవే నువ్వు! పానం తీసినవు గదనే!”

చూడితో ఉన్న గేదెల్లో కొన్ని ఇలా ఎదకు వచ్చినట్టే అరుస్తాయని మేడమ్ చెప్పారు. చూలు కట్టగానే ముఖద్వారం దగ్గర బంకలాంటిది బిగుసుకుని లోపలి పిండాన్ని కాపాడుతుందట. నిలవలేదనుకుని మనం గొట్టం పోనిస్తే ఆ బంక తెగి, దూడ పోతుంది. మూడోసారి సూది వేయించాక ఎవరూ చూడి పరీక్ష చేయించలేదు, అదీ జరిగింది. ఇంకోసారి అరిచినా ఎవరితోనూ సూది వేయించవద్దని మేడమ్ రెండుసార్లు చెప్పారు.

యాదమ్మ అక్కడే నిలబడి భర్తకు ఫోన్ చేసింది. “బేరగాన్ని రావొద్దని చెప్పు. మన బర్రె సూడితోని ఉన్నది... ఎవలు జెప్పిన్రేంది, డాక్టరమ్మలు చెయ్యి వెట్టి సూసిన్రు!” అవతలి నుంచి ఏదో అన్నాడు. ఆమె గొంతు కాస్త తగ్గింది. “ఎరికే. ఇంక ఏడు నెలలు పాలియ్యదు. దాణా నేనెట్లనో సూసుకుంట. నువ్వైతే ఫోన్ చెయ్యి వానికి.” ఫోన్ పెట్టేశాక మావైపు చూసి నవ్వబోయింది గానీ, ఆ ఏడు నెలలు ఆమె కళ్లల్లో కనిపిస్తూనే ఉన్నాయి. మా పక్క కొట్టంవాళ్లు కోసిన పచ్చగడ్డి అడిగి చూస్తానంది అందాలు. మా కొట్టం అక్కడికి దగ్గరే కాబట్టి మా గడ్డిలోంచి వారానికి రెండు మోపులు పంపుతామన్నాను. యాదమ్మ వద్దనలేదు.

తిరుగు బస్సులో మా పక్కన కూర్చున్నామె మా వాసనకు లేచి వెళ్లి ముందు నిలబడింది. ఆమెను తప్పు పట్టలేం. ఎల్‌బీ నగర్‌లో దిగి, బండి దగ్గర మిర్చి బజ్జీ తిని, టీ తాగి మెట్రో ఎక్కాం. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి మధ్యాహ్నమైంది, పుస్తకాల సంచులతో కోచింగ్ పిల్లలు మెట్లన్నీ నింపేసి ఎదురొస్తున్నారు.

ఇంటికి వచ్చి స్నానం చేశాక గుర్తొచ్చింది, నేను వెళ్లిన పని చేయకుండానే వచ్చాను. నా మొదటి సూది ఇంకా మిగిలే ఉంది. కానీ ఆ రోజు చెయ్యి చాపి తాకిన ఆ బరువును నేను మరిచిపోలేను. ఒక ప్రాణం అక్కడుందని నాకు తెలియకుండానే దాన్ని తాకాను, తెలియడం లేదని చెప్పినందువల్ల అది మిగిలింది. కిందటి ఏడాది మేం అమ్ముకున్న గేదెను కూడా ఎవరైనా ఒకసారి ఇలా చూసి ఉంటే ఏమయ్యేదో అని అందాలు దుకాణం నుంచి ఫోన్ చేసి అంది. 

మీరు ఇలాంటి శిక్షణకు వెళ్లేవాళ్లయినా, ఇంట్లో నాలుగు గేదెలున్నవాళ్లయినా ఒక్క మాట పాటించండి. సూది వేయించిన రెండున్నర, మూడు నెలలకు తప్పకుండా చూడి పరీక్ష చేయించండి. మళ్లీ ఎదకు వచ్చిందని ఎవరెంత గట్టిగా చెప్పినా, గొట్టం పెట్టేముందు చెయ్యి పెట్టి చూడమని అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి.