అక్క కలిపిన నీళ్ళు

మా చిన్నమ్మాయికి టీచరు ఉద్యోగం వచ్చింది! ఈ పొద్దున ఫోన్లో జాబితా తెరిచి తన పేరు నాచేత నాలుగుసార్లు చదివించింది. ఈ మాట అందరికంటే ముందు వినాల్సిన మా అక్క పోయి పదిహేను రోజులైంది. సంతోషం ఒకపక్క పొంగుతోంది, ఏడుపు ఒకపక్క తన్నుకొస్తోంది. పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. రెండూ కలిపే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

అమ్మాయి హైదరాబాదులో కోచింగుకు పోయి ఒక కాఫీ నేర్చుకొచ్చింది. స్టౌ మీద చిన్న కూజా పెడితే చిక్కటి డికాక్షన్ దిగుతుంది. పాలూ చక్కెరా లేకుండా వేడినీళ్ళు కలిపితే అమెరికానో అంట. తెల్లవారుజామున అది తాగితేనే తనకు పుస్తకం మీద మనసు నిలిచేది. తీరా బేస్తవారిపేట దగ్గర మా పల్లెకు వచ్చాక కుదరలేదు. బోరు నీళ్ళతో చేస్తే సున్నం నాకినట్టుంది. క్యాను నీళ్ళతో చేస్తే ఒట్టి చప్పన. రెండు గుక్కలు తాగి పారబోసి, ఆవులిస్తూ కూర్చునేది. పరీక్ష దగ్గరికొస్తోందని నాకు ఒకటే గుబులు.

పక్క వీధిలో ఉండే అక్క ఒకరోజు మజ్జిగ ఇవ్వడానికి వచ్చి చూసింది.

"ఏందే కోడలా, కషాయం పారబోస్తుండావు?"

"నీళ్ళు బాగలేవత్తా."

అక్క బోరు నీళ్ళు నోట్లో పోసుకుని ఊసేసింది. "ఈ నీళ్ళకు కందిపప్పే ఉడకదు, నీ కాఫీ ఏం బాగుపడతాది?" క్యాను నీళ్ళు పుక్కిలించి, "ఇవి కడిగి కడిగి చంపిన నీళ్ళు," అంది. పనిలో పనిగా నాకూ ఒకటి అంటించింది. "గొడ్ల తొట్టి నీళ్ళు తాగినా నీకు తేడా తెలీదు గదా తమ్ముడా!"

పప్పుకు ఒక బావి, తాగడానికి ఒక బావి అని మా ఆడవాళ్ళు బిందెలతో తిరిగిన కాలం ఉంది. ఆ బావులన్నీ అక్క నాలుక మీద ఉండేవి. మర్నాడు తమ చేని బావి నీళ్ళు చెంబుతో తెచ్చింది. రెండు గ్లాసుల క్యాను నీళ్ళకు ఒక గ్లాసు బావి నీళ్ళు. మరిగాక దించి, బుడగలు అణిగేదాకా ఆగాలి. ముందు కప్పులో నీళ్ళు, వాటి మీద డికాక్షన్. అమ్మాయి ఒక గుక్క తాగి మేనత్తను వాటేసుకుంది. అక్క మాత్రం రుచైనా చూడలేదు. "నాకెందుకే ఆ బొగ్గునీళ్ళు!"

ఆ రోజు నుంచి తెల్లారేసరికి మా అరుగు మీద చెంబు, దాని మీద మూతగా గిన్నె. చదువుకునే పిల్ల ఉలిక్కిపడుతుందని తలుపు తట్టేది కాదు. ఒకసారి దగ్గి వెళ్ళిపోయేది. పరీక్ష అయిపోయినా చెంబు ఆగలేదు. మోకాళ్ళ నొప్పులు కదా, ఇంక మానుకో అక్కా అంటే, "కాఫీలో నీళ్ళు ఉన్నట్టు తెలియగూడదు, బాగలేకుంటే మాత్రం తెలిసిపోతాది. ఇట్ల అలవాటు చేసి మానుకుంటే ఎట్లరా?" అనేది.

అక్క పోయిన మర్నాడు తలుపు తీస్తే అరుగు ఖాళీగా ఉంది.

ఈ పొద్దున ఫలితం చూశాక నేనే ఆ బావికి పోయి చెంబు ముంచుకొచ్చాను. రెండుకు ఒకటి కలిపాను. బుడగలు అణిగేదాకా ఆగాను. తీరా కప్పులో ముందు డికాక్షనే పోసేశాను.

"నాయనా, ముందు నీళ్ళు గదా. అత్త చూస్తే తిట్టేది," అంది అమ్మాయి.

ఆ తిట్టు వస్తుందేమోనని ఇద్దరం వాకిలి వైపు చూశాం. తర్వాత అమ్మాయి ఆ కప్పు చుక్క మిగల్చకుండా తాగింది.

ఇక కబురు చెప్పాలి. గిద్దలూరులో పెద్దమ్మాయికి, అల్లుడికి. పుల్లలచెరువులో చిన్నమ్మకు. చంద్రశేఖరపురంలో బామ్మర్దికి. మార్కాపురంలో వియ్యంకుడికి. వీళ్ళందరికీ ఫోను చాలు. మిగిలింది అక్క మొగుడు, మా బావ. ఆయనకు బాగా చెవుడు. ఇన్నేళ్ళూ ఏ కబురైనా అక్కే ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేది. ఆయన దగ్గరికి నేనే పోవాలి.