చిలకల పెట్టెలో గూబ కాపురం

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్ళు, పెళ్ళై ఏడాది, చదువు ఆరో తరగతి. తెలివి మాత్రం ఊరికంతా పంచినా మిగిలేంత ఉందని నా నమ్మకం. వేంపల్లె దగ్గర పల్లెలో మా అత్తగారిల్లు. ఆ ఏడు విత్తనానికని గదిలో దాచిన శెనక్కాయల మూటలను ఎలుకలు కొరికి పొట్టు చేస్తున్నాయి. మందు పెడదామంటే మా అత్త ఒప్పుకోదు (వినాయకుడు దేనిమీద తిరగాలని అడుగుతుంది). పిల్లిని తెస్తే అది పాలు తాగి ఆ మూటల మీదే నిద్రపోయింది. అప్పుడు మా ఆయన ఫోనులో ఒక వీడియో చూశాను. పెరట్లో చెక్కపెట్టె కడితే గుడ్లగూబలు వచ్చి కాపురం పెడతాయట, ఇంటి చుట్టుపక్కల ఎలుకన్నది లేకుండా చేస్తాయట.

ఆ వీడియో తీసినాయనకు మా అత్త తెలియదు. మా వైపు గూబ దూరిన ఇల్లు పాడుపెట్టాలి. అంటే తాళం వేసి, ఆరు నెలలు వేరేచోట తలదాచుకుని, శాంతి చేయించి మళ్ళీ అడుగుపెట్టాలి. మా అత్త ఆ పిట్ట పేరు కూడా నోటితో అనేది కాదు. అందుకని నేను "చిలకల కోసం అత్తా" అని చెప్పి, చీనీకాయల (బత్తాయిల) పెట్టెల చెక్కలతో మా ఆయన చేత గూడు చేయించాను. ఆయనకూ నిజం చెప్పలేదు. "చిలక్కి ఇంత పెద్ద బొక్క ఎందుకే?" అని అడిగితే, "జంటగా దూరతాయి" అన్నాను. లోపల రంపపు పొట్టు పరిచి, పెరట్లో వేపచెట్టుకు ఎత్తున కట్టాము. మా అత్త సంబరం చూడాలి! రోజూ పొద్దున్నే గోడమీద జామకాయ ముక్క, పండు మిరపకాయ పెట్టి "రామ్మా చిలకమ్మా" అని పిలిచేది. జామకాయ ఉడుత తినేది, మిరపకాయ ఎండేది, నేను తల వంచుకుని అంట్లు తోముకునేదాన్ని.

నెల దాటాక ఒకనాడు పొద్దు గూకుతుండగా మా అత్త పెరట్లోంచి కేకేసింది. "ఏమే పిల్లా, చిలక వచ్చిండాది!" పరుగెత్తి చూస్తే బొక్కలో గూబ, నిండుగా కూర్చుని ఉంది.

"రంగు మాసినట్టుండాదే?"

"పిల్ల చిలక అత్తా, ఇంకా పచ్చ ఎక్కలేదు."

"మొగమేంది, చేట మాదిరి ఉండాది?"

"బాగా మేసినట్టుండాది."

అంతలో ఆ మహాతల్లి బయటికొచ్చి కొమ్మమీద కూర్చుంది. వీపు మా వైపు పెట్టి, తల మాత్రం తీరిగ్గా వెనక్కి తిప్పి మా ఇద్దరినీ చూసింది. "ఒళ్ళు ఆ పక్కుండాది, మొగం ఈ పక్కుండాది! ఇది యా ఊరి చిలకే?" అంది మా అత్త. నా తెలివి అక్కడికి ఐపోయింది. గోడ అవతలినుంచి పక్కింటి పెద్దమ్మ అరిచింది: "ఓ వదినా, చిలక గాదు, గూబ! మీ పెట్టెలో గూబ దూరిండాది!"

మా అత్త లోపలికి పోయి ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టింది. "రేప్పొద్దున్నే ఇల్లు పాడుబెట్టాల. సర్దండి."

అప్పుడే చేనినుంచి వచ్చిన మా ఆయన వాకిట్లోనే నిలబడిపోయాడు. "విత్తనమేసే పొద్దులో ఇల్లిడిసి యాడికి పోదామమ్మా? ఎద్దుల్ని యాడ కట్టేయాల, మూటలు యాడ పెట్టాల?"

"నన్నడిగితే ఏముండాదిరా? పెద్దోళ్ళు పెట్టిన శాస్త్రం."

కొత్త కోడలు చెప్పిన అబద్ధంతో సంసారమంతా వీధిలో పడుతోంది. ఏడుస్తూ చెప్పేశాను. "చిలకల కోసం గాదత్తా. గూబ కోసమే కట్టించినా, ఎలకల్ని తింటాదని." మా ఆయన నోరు తెరిచాడు, మూయలేదు. నేను కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఇంకో మాట అన్నాను (తెలివితో కాదు, భయంతో): "అయినా అది మనింట్లోకి రాలేదు గదత్తా. దానింట్లోకే అది పోయిండాది."

బిందె చంకలో పెట్టుకుని మా అత్త అట్లాగే నిలబడింది. చానాసేపు నా మొహం చూసింది. తర్వాత పెరట్లోకి నడిచి, గోడమీద గడ్డం ఆనించి తమాషా చూస్తున్న పెద్దమ్మను అడిగింది.

"ఏం వదినా, గూబ దూరిన ఇల్లే గదా పాడుబెట్టాల్సింది?"

"అంతే వదినా, దూరిన ఇల్లే."

"దూరిన ఇల్లు యాది?"

పెద్దమ్మ పెట్టెను చూసింది, మా ఇంటిని చూసింది, మళ్ళీ పెట్టెను చూసింది. "అదే" అంది.

"అయితే దాన్నే పాడుబెడతాండాం. ఆర్నెల్లు ఆ చెట్టుకాడికి ఎవురూ పోగూడదు. నిచ్చెన ఎయ్యగూడదు, రాయి ఇసరగూడదు. పోయినోళ్ళ కాళ్ళు ఇరగ్గొడతా."

గూబను కదిలించకండని వీడియోలో ఆయన ఎంత బతిమాలినా ఇంత బందోబస్తు చేయలేడు. రెండు నెలలకల్లా మూడు తెల్లటి పిల్లలు బొక్కలోంచి తొంగిచూశాయి. చెట్టుకింద ఎలుకల వెంట్రుకలు, ఎముకలు ఉండలు ఉండలుగా పడేవి. మిగిలిన విత్తనం మూటలకు విత్తేదాకా మళ్ళీ ఎలుక పన్ను పడలేదు. ఆరు నెలలూ వేళ్ళమీద లెక్కపెట్టి, మా అత్త చెట్టు మొదట్లో పసుపునీళ్ళు చల్లి టెంకాయ కొట్టి పెట్టెకు శాంతి చేసింది.

నా మాటతో అత్తను గెలిచానని చానా ఏళ్ళు అనుకున్నాను, పుట్టింటికి పోయి గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఇప్పుడు మా అత్త లేదు. నా కూతురు తప్పుచేసి నా ముందు నిలబడి ఏడుస్తుంటే, దాన్ని గట్టెక్కించే దారి యాడైనా ఉందా అని, ఆనాడు మా అత్త నిలబడినట్టే, నేనూ నిలబడి వెతుక్కుంటాను. చానాసేపే పడుతుంది. గెలిచాననుకున్న ఆ ఇరవై ఏళ్ళ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. అమ్మా, అయ్యా, ఓపికతో విన్నారు. మీ పొయ్యి వేళకు వెలగాలి, మీ ఇంట చిన్నవాళ్ళ తప్పులు కడుపులో పెట్టుకునే పెద్దదిక్కు నూరేళ్ళు చల్లగా ఉండాలి.