ఒకే పేరున్న ఇద్దరు

పోయిన నెల హామిల్టన్‌లో పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పుచ్చిన పన్ను తొలిచి, లోపల ఏదో తెల్లటి ముద్ద పెట్టింది. నోరంతా లవంగం వాసన. నా కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి, ఆవిడ చేతిలో పని ఆపి నొప్పిగా ఉందా అని అడిగింది. లేదని తల ఊపాను. నొప్పి కాదు, అచ్చమ్మ గారు గుర్తొచ్చారు. నోటి నిండా దూది పెట్టుకుని ఆ సంగతి ఎలా చెప్పడం? అచ్చమ్మ గారు ఎవరికైనా చదివి వినిపించే ముందు ఒక లవంగం బుగ్గన పెట్టుకునేవారు. చదువుతుంటే గొంతు పట్టేయకూడదు అనేవారు. ఆవిడ చదివేది ఏళ్ళ క్రితం పోలీసుల చేతుల్లో పోయినవాళ్ళ గురించి. వినేది వాళ్ళ వాళ్ళు.

ఆవిడ పుట్టింది దక్షిణాఫ్రికాలో, డర్బన్ దగ్గర. తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన మనిషి. ఒంటి రంగును బట్టి మనిషి ఎక్కడ ఉండాలో, ఏ బెంచీ మీద కూర్చోవాలో అక్కడి తెల్ల ప్రభుత్వం నిర్ణయించే రోజుల్లో ఆవిడ నర్సింగ్ చదివి, కెనడా వచ్చేశారు. నేను ఎరిగేనాటికి ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరయి, మా బిల్డింగ్‌లోనే ఒక్కరూ ఉండేవారు. ఒకరోజు లిఫ్ట్‌లో ఫోన్ పెట్టుకుని మా అన్నయ్యని నోటికొచ్చినట్టు తిడుతున్నాను. పక్కనున్న ముసలావిడకి అర్థం కాదని నా ధీమా. నేను ఫోన్ పెట్టేశాక ఆవిడ నెమ్మదిగా, "ఆ తిట్టు మా నాయనమ్మ తిట్టేది నాయనా. ఎన్నాళ్ళకి విన్నాను" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు క్షమాపణ చెప్పడానికి వెళితే టీ ఇచ్చి, లాప్‌టాప్ చేతిలో పెట్టి, "దీనికేం రోగమో చూడు" అన్నారు. అలా ఇరుక్కున్నాను. ఆరేళ్ళు ఇరుక్కునే ఉన్నాను.

ఆ ప్రభుత్వం పోయాక, దాని చేతిలో చనిపోయినవాళ్ళ పేర్లు నమోదు చేశారు. చాలామంది అందులోకి ఎక్కలేదు. వాళ్ళ తాలూకు మనుషులు కొందరు ఇక్కడి ఒంటారియో రాష్ట్రంలో తలో ఊళ్ళో ఉన్నారు. అచ్చమ్మ గారు శని, ఆదివారాలు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, చెప్పింది రాసి, పేర్లు నమోదు చేసే ఆ దేశపు ఆఫీసుకి పంపేవారు. కారు నడపడం, రికార్డ్ చేయడం, టైప్ చేయడం నా వంతు. ఆవిడకి ఒక పద్ధతి ఉంది. రాసినదాన్ని ఇంటివాళ్ళకి మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. చదివి "సరేనా?" అని అడగాలి. అందులో ఎవరెవరి పేర్లు వస్తాయో వాళ్ళందరి మనుషులూ వినాలి, అందరూ సరే అనాలి. ఒక్కరు కాదన్నా కాగితం కదలదు. ఈ లెక్కన పని తెమిలేదెప్పుడని నేను సణిగేవాణ్ణి.

వాటర్లూలో ఒక పెద్దాయన తమ్ముడి గురించి చదివినప్పుడు నా సణుగుడు ఆగింది. పాత పేపర్ కటింగ్‌లోంచి ఒక వాక్యం తీసుకున్నాం, కుర్రాడు తుపాకులకి ధైర్యంగా ఎదురు నిలిచాడని. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అది తీసెయ్యండి. వాడు భయపడ్డాడు. నా చొక్కా పట్టుకుని వదల్లేదు. నేనే విడిపించుకుని పరిగెత్తాను."

అచ్చమ్మ గారు ఓదార్చలేదు. పెన్నుతో ఆ వాక్యం కొట్టేసి, "మీ చొక్కా పట్టుకున్న మాట రాయనా, వద్దా?" అని అడిగారు. ఆయన కిటికీలోంచి రోడ్డు మీది ట్రామ్‌ల వంక చూస్తూనే రాయమన్నాడు. ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చదివారు. తిరుగు ప్రయాణానికి కారెక్కాం. "పోయినోళ్ళని ఒకసారి వాళ్ళు చంపారు. మనం గొప్ప చేసి రాస్తే రెండోసారి పోతారు నాయనా" అన్నారావిడ, సీటు బెల్టు సర్దుకుంటూ.

ఆవిడ తమ్ముడి సంగతి, ఈ పనిలో పడ్డ మూడేళ్ళకి గానీ నాకు తెలియలేదు. అదీ నేను అడిగితేనే. తాత పేరు అప్పలస్వామి. మన ఇళ్ళలో మామూలే కదా, ఇద్దరు కొడుకులూ తమ పెద్ద కొడుకులకి తండ్రి పేరే పెట్టుకున్నారు. కోడళ్ళు మామగారి పేరు నోట పలకకూడదు కాబట్టి ఇంట్లో ఒకడు చిట్టి, ఒకడు బుల్లి. చిట్టి అచ్చమ్మ గారి తమ్ముడు. బుల్లి ఆవిడ చిన్నాన్న కొడుకు. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, ఒకే స్కూలు. ఒకరోజు ఇద్దరూ ఆ ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీసిన ఊరేగింపుకి వెళ్ళారు. పోలీసులు కాల్చారు. ఇద్దరూ తిరిగి రాలేదు.

ఏళ్ళు గడిచి, వివరాలు రాసుకోవడానికి ఆఫీసువాళ్ళు ఆ ఊరు వచ్చారు. ముందు చిన్నాన్నవాళ్ళు వెళ్ళి బుల్లి గురించి చెప్పారు. మర్నాడు అచ్చమ్మ గారి అమ్మ ఒక్కతే వెళ్ళింది. కొడుకు పేరేమిటని అడిగితే ఆవిడకి నోరు రాలేదు. మామగారి పేరు పెళ్ళయినప్పటి నుంచీ పలికి ఎరగదు. బల్ల మీదున్న నిన్నటి కాగితంలో ఆ పేరు చూపించి, "మావాడిదీ అదే" అంది. పేరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, రోజు ఒకటే, వీధి ఒకటే. రాసుకునే మనిషికి ఇద్దరున్నారన్న ఊహే రాలేదు. ఆవిడ చెప్పిందంతా బుల్లి కింద రాసేసుకున్నాడు. పని అయిందనుకుని ఆవిడ ఇంటికొచ్చి, కొన్నాళ్ళకి నిశ్చింతగా కన్నుమూసింది. పుస్తకం అచ్చయి వస్తే చిట్టి లేడు. అచ్చమ్మ గారు ఎన్నిసార్లు రాసినా, ఈ పేరు ఇదివరకే ఉందని జవాబు.

"అమ్మ వాడి పేరు ఒక్కసారి అంటే చాలు నాయనా" అన్నారు అచ్చమ్మ గారు. "మర్యాద కోసం అనలేదు. ఆ మర్యాదకి నా తమ్ముడు లేకుండా పోయాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చిన్న పొరపాటు దిద్దడానికి ఇన్నేళ్ళా అని ఎగిరిపడ్డాను. ఇద్దరి వివరాలూ పక్కపక్కన పెట్టి, ఇద్దరు మనుషులని తేలేలా కొత్తగా రాద్దామన్నాను. రాశాం. అందులో బుల్లి పేరు వస్తుంది కాబట్టి వాడి తోడబుట్టిన రత్నం గారు వినాలి. ఆవిడ విండ్సర్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. అంతా గంటలో అయిపోతుందనుకుంటూ కారు తీశాను.

రత్నం గారు బిర్యానీ చేసి పెట్టారు, అచ్చమ్మ గారి చేతులు పట్టుకుని ఏడ్చారు. భోజనాలయ్యాక అచ్చమ్మ గారు లవంగం బుగ్గన పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. సగంలో రత్నం గారు, "చాలక్కా" అన్నారు.

"సరేనా?" అని అడిగారు అచ్చమ్మ గారు, పద్ధతి ప్రకారం.

"సరే అనలేను. మా నాన్న స్టేషన్‌కి ముందు వెళ్ళాడు. పేరు చెప్పాడు, మూసేసిన పెట్టె ఇచ్చారు. తెరవొద్దన్నారు. తర్వాత పెదనాన్న వెళ్ళి అదే పేరు చెబితే, ఇచ్చేశాం కదా అన్నారు. ఇద్దరని నువ్వు రాస్తే, ఆ పెట్టెలో ఉన్నది ఎవరని అడగరా? మా అమ్మ బతికినంత కాలం ఆ సమాధి మీద పూలు పెట్టింది. అక్కా, అది బుల్లి కాకపోతే?"

ఆ ప్రశ్న నాకు అంతదాకా తట్టలేదు. అచ్చమ్మ గారి మొహం చూస్తే, ఆవిడకి ఎప్పుడో తట్టిందనిపించింది. నోట్లోంచి లవంగం తీసి, కాగితం రుమాల్లో చుట్టి, బ్యాగ్‌లో వేసుకున్నారు. "మీ బిర్యానీలో బంగాళదుంప ఇంకా వేస్తున్నారే" అన్నారు. ఇద్దరూ నవ్వారు కూడా. అలాంటి నవ్వు మళ్ళీ వినకూడదని కోరుకుంటాను.

తర్వాత ఆవిడ ఆ కాగితం మాట ఎత్తలేదు. ఊపిరితిత్తులకి జబ్బు చేసి, తను పనిచేసిన ఆసుపత్రిలోనే మంచం పట్టారు. నేను ఉండబట్టలేక, పంపించేద్దాం, రత్నం గారికి తెలియనే తెలియదు అన్నాను. ఆవిడ ఆక్సిజన్ గొట్టం పక్కకి జరుపుకున్నారు.

"వాటర్లూ పెద్దాయన కాదంటే ఆ మాట కొట్టేశాను. ఇంకెందరో కాదంటే కాగితమే ఆపాను. నా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి నాకు వేరే రూలా?"

"మరి చిట్టి సంగతి?"

ఆవిడ గోడ వైపు తిరిగారు. నేను లేచి వచ్చేశాను. ఆ వారమే పోయారు. చావులో ఏదో ప్రశాంతత ఉంటుందంటారు. నేను చూసిన మొహంలో అదేమీ లేదు.

అంత్యక్రియలకి రత్నం గారు వచ్చారు. అందరూ వెళ్ళాక నన్ను పక్కకి పిలిచి, "అక్క ఆ కాగితం పంపిందా?" అని అడిగారు. పంపలేదన్నాను. ఆవిడ ఊపిరి వదిలారు. ఆ ఊపిరికి నేను కోప్పడలేకపోయాను. పోయిన చలికాలం ఆవిడా పోయారు. ఈ సంగతులేవీ ఆవిడ కూతురికి చెప్పలేదట. ఇక అడ్డు చెప్పేవాళ్ళు లేరు కదా అని ఆఫీసుకి రాశాను. కొత్త పేర్లు తీసుకోవడం ఆపేశామని మర్యాదగా జవాబు వచ్చింది.

ఆవిడ దగ్గర నేర్చుకున్నది నన్ను వదల్లేదు. నా ఉద్యోగంలో ఎవరి మీదైనా రిపోర్ట్ రాస్తే ముందు ఆ మనిషికి చదివి వినిపిస్తాను. నన్ను చాదస్తుడంటారు, అననీ. కానీ ఇంకొకటి కూడా మోస్తున్నాను, దాన్ని ఎక్కడ దించాలో తెలియదు. ఆ ఊరేగింపుకి వెళ్ళింది ఇద్దరని తెలిసిన మనిషిని, నాకు తెలిసినంతలో, ఇప్పుడు నేనొక్కణ్ణే.

పంటి డాక్టరు దగ్గర్నుంచి వచ్చి, నోట్లో ఆ వాసన ఉండగానే కాగితం తీసి పైకి చదివాను. అప్పలస్వామి, ఇంట్లో చిట్టి. ఎడమ చేత్తో అన్నం తింటాడని అమ్మ కోప్పడేది. వర్షమొస్తే స్కూలు ఎగ్గొట్టేవాడు. ఆ రోజు చిన్నాన్న కొడుకు బుల్లితో కలిసి వెళ్ళాడు. వాళ్ళు ఇద్దరు.

చివరిదాకా చదివి, అలవాటుగా "సరేనా?" అన్నాను. సరే అనడానికి ఎవరూ లేరు.